బీజదోషమెంత? మన బాధ్యత ఎంత?

“విత్తు ఒకటి వేస్తే చెట్టు ఒకటి మొలుస్తుందా?” అని మన పెద్దలు అంటూ ఉంటారు. నిజమే. కానీ ఒకే చెట్టు విత్తనాలను రెండు పొలాలలో వేసినప్పుడు ఒకచోట ఏపుగా పెరగడం, మరొకచోట చీడపట్టి గిడసబారడం కూడా మనం చూస్తూనే ఉన్నాము. మనిషి ఆరోగ్యం విషయంలో ఈ రెండు మాటలూ సత్యమే. ఒకటి పట్టుకొని రెండవది విడిచిపెట్టినవారు కష్టాల పాలవుతారు.

కాజీపేటలో నేను చాలా సంవత్సరాలుగా ఆయుర్వేద వైద్యం చేస్తున్నాను. నా వద్దకు వచ్చేవారిలో రైల్వే ఉద్యోగులు, ఉపాధ్యాయులు, దుకాణదారులు, విశ్రాంత జీవితం గడుపుతున్న పెద్దలు ఎక్కువ. వారిలో చాలామంది ఏదో ఒక రోజు ఈ ప్రశ్న అడుగుతారు: “మా నాయనకు ఈ జబ్బు ఉండె. నాకు కూడ వస్తదా సార్?” రాదని ధైర్యం చెప్పడం సులభం. వస్తుందని భయపెట్టడం ఇంకా సులభం. సరియైన సమాధానం ఈ రెండింటి మధ్య ఉన్నది. దానిని తెలుసుకోవడానికి నాకు ఒక గుణపాఠం అవసరమైనది. ఆ గుణపాఠంతోనే ఈ వ్యాసాన్ని ప్రారంభిస్తాను.

ఆ రాత్రి ఏమి జరిగినది?

2012వ సంవత్సరంలో నాకు బాగా పరిచయమున్న ఒక ఆర్యవైశ్య కుటుంబంలోని 19 ఏళ్ల కుర్రవానికి అపెండిక్స్ వాచి, అత్యవసరంగా శస్త్రచికిత్స చేయవలసి వచ్చినది. పిల్లవాడు దృఢకాయుడు. ఎన్నడూ పెద్ద జబ్బు చేసి ఎరుగడు. శస్త్రచికిత్స సక్రమంగా ముగిసినది. కానీ అతడు తనంతట తాను శ్వాస తీసుకోలేదు. కాలు కదపలేదు, కనురెప్ప ఎత్తలేదు. పది నిమిషాలలో దిగవలసిన మందు గంట గడిచినా, రెండు గంటలు గడిచినా దిగలేదు. మత్తు వైద్యుడు అనుభవజ్ఞుడు కావడం వలన తొందరపడక, వెంటిలేటర్‌పై శ్వాస నడిపిస్తూ ప్రక్కనే కూర్చున్నారు. సుమారు అయిదు గంటల తరువాత పిల్లవాని వ్రేళ్లు కదిలినవి. తెల్లవారేసరికి అతడు తల్లిని గుర్తుపట్టినాడు.

మరునాడు నేను చూడటానికి వెళ్లినప్పుడు వరండాలో కూర్చున్న నాయనమ్మ నన్ను పిలిచి, “మా మరిదికి గూడ ఇట్లనే అయింది గద సార్. హెర్నియా ఆపరేషన్‌కు తీస్కపోతే మళ్ల లేవనే లేదు. మీకు అప్పుడే చెప్తిని గద” అన్నది.

ఆ మాట నాకు గుచ్చుకున్నది. నిజమే, ఆమె చెప్పినది. పది సంవత్సరాల క్రితం ఆ ఇంటి రోగచరిత్ర వ్రాసుకున్నప్పుడు “ఆపరేషన్‌లో మరణం” అని నా చేతితోనే వ్రాసుకున్నాను. ఎందువలన, ఎట్లా, ఏ మందు తరువాత అని అడగలేదు. ఆ పెద్దమనిషి మరణానికి కూడా ఇదే కారణమని ఈనాడు ఎవరూ రుజువు చేయలేరు. కానీ అడగవలసిన ప్రశ్న అడగకపోవడం నా దోషం. ఆ మత్తు వైద్యుడు అంత నిదానస్థుడు కాకపోయి ఉంటే ఆ దోషానికి మూల్యం 19 ఏళ్ల ప్రాణం.

అసలు కారణమేమిటి?

పూర్తి మత్తు ఇచ్చేటప్పుడు గొంతులోనికి గొట్టం సులభంగా పంపడానికి కండరాలను సడలించే మందు ఒకటి ఇస్తారు. సక్సినైల్ కోలిన్ అనేది అటువంటి మందులలో ముఖ్యమైనది. అత్యవసర శస్త్రచికిత్సలలో అది ఎన్నో ప్రాణాలను కాపాడుతున్నది. మన రక్తంలో బ్యుటిరిల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైము ఆ మందును కొద్ది నిమిషాలలో విచ్ఛిన్నం చేస్తుంది. దీనినే ప్రయోగశాలలలో సూడోకోలినెస్టరేజ్ అని కూడా వ్యవహరిస్తారు. పుట్టుకతోనే ఈ ఎంజైము పనిచేయనివారిలో ఆ మందు గంటల తరబడి నిలిచిపోతుంది. శ్వాసకండరాలు కూడా కండరాలే కనుక ఊపిరి ఆగుతుంది. యంత్రంతో శ్వాస నడిపిస్తే మందు నెమ్మదిగా తొలగిపోయి మనిషి పూర్తిగా కోలుకుంటాడు. అట్లా నడిపించకపోతే ప్రాణం పోతుంది.

ఇందులో గమనించవలసిన విశేషమొకటి ఉన్నది. ఈ లోపం ఉన్నవారికి నిత్యజీవితంలో ఏ ఇబ్బందీ ఉండదు. తింటారు, తిరుగుతారు, నిండు నూరేళ్లు బ్రతుకుతారు. ఆ ఒక్క తరగతి మందు శరీరంలోనికి వెళ్లిన రోజునే లోపం బయటపడుతుంది. కనుక దీనిని రోగమనడం కంటె గ్రహణశీలత అనడం సమంజసం. అంటే ఒక ప్రత్యేక పరిస్థితిలో దెబ్బతినే స్వభావం.

ఆ కుర్రవానికి కొన్ని వారాల తరువాత రక్తపరీక్ష చేయించినాము. ఎంజైము పని దాదాపు లేనేలేదు. ఈ పరీక్ష మన ప్రాంతానికి కొత్తది కాదు. పురుగుమందు త్రాగిన రైతును ఆసుపత్రికి తెచ్చినప్పుడు విషప్రభావాన్ని అంచనా వేయడానికి చేసే పరీక్ష ఇదే. ప్రత్తి పండే వరంగల్లు ప్రాంతంలోని వైద్యులందరికీ సుపరిచితమైనదే. చేతిలో ఉన్న దీపాన్ని సరియైన వేళ వెలిగించలేదు, అంతే.

ప్రాచీనులు చెప్పిన బీజం

వంశపారంపర్యంగా సంక్రమించే దోషాలను మన శాస్త్రం విస్మరించలేదు. చరకసంహిత శారీరస్థానంలో బీజం, బీజభాగం, బీజభాగావయవం అనే మూడు స్థాయిలు చెప్పబడినవి. బీజంలో ఏ భాగం చెడితే శిశువులో ఆ భాగానికి సంబంధించిన అవయవమే వికృతి పొందుతుందని ఆ ఆచార్యుల అభిప్రాయం. సుశ్రుతుడు వ్యాధులను విభజించినప్పుడు శుక్రశోణితాల దోషం వలన కలిగే వాటిని ఆదిబలప్రవృత్తములని ప్రత్యేకంగా పేర్కొన్నాడు. ప్రమేహ చికిత్సలో పుట్టుకతో వచ్చే సహజ ప్రమేహాన్ని, అపథ్యం వలన వచ్చే ప్రమేహాన్ని వేరుచేసి చూపినాడు.

దీనిని బట్టి ప్రాచీనులకు నేటి జన్యుశాస్త్రమంతా తెలుసునని చెప్పడం సత్యదూరం. సూక్ష్మదర్శిని లేని కాలంలో కేవలం పరిశీలనతో వారు సరియైన ప్రశ్న వేయగలిగినారు. అదే వారి ఘనత. ఆ ప్రశ్నకు సమాధానాలు ఇప్పుడిప్పుడే లభిస్తున్నవి. వాటిలో కొన్ని మనకు దగ్గరలోనే లభించినవి.

హైదరాబాదులో జరిగిన అన్వేషణ

కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాదు సుమారు 130 కిలోమీటర్లు. అక్కడికి సమీపంలో ఉప్పల్ రోడ్డుపై కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ఉన్నది. అందరూ సీసీఎంబీ అని పిలుస్తారు. 1977లో ఆచార్య పుష్పమిత్ర భార్గవ నాయకత్వంలో ఆరంభమైన ఈ సంస్థలో డాక్టర్ లాల్జీ సింగ్, డాక్టర్ కుమారస్వామి తంగరాజ్ మొదలైనవారు భారతదేశంలోని వివిధ జనసమూహాల డీఎన్‌ఏను సేకరించి పరిశీలించినారు. తంగరాజ్ గారు తరువాత హైదరాబాదులోనే ఉన్న డీఎన్‌ఏ ముద్రల, రోగనిర్ధారణ కేంద్రానికి సంచాలకులుగా కూడా పనిచేసినారు.

జన్యువంటే ఏమిటో రెండు మాటలలో చెప్పుకుందాము. మన ప్రతి కణంలోను శరీర నిర్మాణానికి సంబంధించిన ఒక గ్రంథం ఉన్నదనుకోండి. అందులో ఒక్కొక్క ప్రకరణం ఒక జన్యువు. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి మనకు లభిస్తాయి. ప్రతులు వ్రాసుకుంటూ వచ్చినప్పుడు అక్కడక్కడ అక్షరాలు మారుతాయి. చాలా మార్పుల వలన అర్థం చెడదు. కొన్ని మేలు చేస్తాయి. కొన్ని మాత్రం వ్యాధికి దారితీస్తాయి.

ఈ సంస్థ శాస్త్రజ్ఞులు అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులతో కలిసి 2009లో ప్రకటించిన అధ్యయనంలో ఒక ముఖ్య విషయం తేలినది. మన దేశంలో అనేక సమూహాలు కొద్దిమంది మూలపురుషుల సంతతి. ఆ తరువాత శతాబ్దాల తరబడి తమలో తామే వివాహాలు చేసుకున్నవి. తెలుగు ప్రాంతపు వైశ్యులలో ఆ తొలి ఘట్టం వంద తరాలకు పూర్వమే జరిగినదని వారు లెక్కకట్టినారు. 2017లో ఇదే బృందం రెండు వేల ఎనిమిది వందల మందికి పైగా వ్యక్తుల నమూనాలను పరిశీలించినది. అప్పుడు దక్షిణాసియాలోని 263 సమూహాలలో 81 సమూహాలు ఈ విషయంలో ఫిన్లాండు ప్రజలను, అష్కెనాజీ యూదులను మించినవని తేలినది.

దీని వలన కలిగే నష్టమేమిటి? మూలపురుషులలో ఒకరి వద్ద ఒక దోషపూరిత జన్యువు ఉన్నదనుకోండి. తరాలు గడిచేకొద్దీ అది సమూహమంతటా వ్యాపిస్తుంది. ఒక ప్రతి మాత్రమే ఉన్నవారికి రెండవ ప్రతి రక్ష. వారు కేవలం వాహకులు. వాహకుడు మరొక వాహకురాలిని వివాహమాడితే ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు అవకాశంతో రెండు దోషపూరిత ప్రతులూ బిడ్డకు సంక్రమిస్తాయి.

వైశ్య సమాజంలో ఎంజైము లోపానికి కారణమైన జన్యుమార్పును 2006లోనే పరిశోధకులు గుర్తించినారు. ఇతర సమూహాలతో పోలిస్తే ఈ సమాజంలో ఆ లోపం సుమారు నూరు రెట్లు అధికమని 2017 నాటి అధ్యయనం పేర్కొన్నది. అంతమాత్రాన వైశ్యులందరికీ ఈ లోపమున్నదని కాదు. అత్యధికులకు లేదు. ఇతర సమాజాలలో అసలే లేదనీ కాదు. ఇందులో చిన్నతనమూ లేదు. ఒక్కొక్క సమూహంలో ఒక్కొక్క లోపం దాగి ఉంటుంది. వైశ్యుల విషయం ముందుగా తెలిసినది, అంతే. తెలిసినందువలన వారు ముందుగా జాగ్రత్త పడగలరు.

గుండె కండరంలో ఒక చిన్న లోటు

ఇదే సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు పాల్గొన్న మరొక పరిశోధన 2009 జనవరిలో వెలువడినది. గుండె కండర నిర్మాణానికి తోడ్పడే ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు లోపించిన మార్పు మన దేశంలో సుమారు నూటికి నలుగురిలో ఉన్నదని వారు కనుగొన్నారు. అంటే ప్రతి 25 మందిలో ఒకరు. ఈ మార్పు ఉన్నవారిలో గుండె కండరం దెబ్బతిని, గుండె వైఫల్యం కలిగే ప్రమాదం దాదాపు ఏడు రెట్లు అధికమని అప్పుడు ప్రకటించినారు. యౌవనంలో ఏ లక్షణమూ కనిపించక, నడివయస్సు దాటిన తరువాత ఆయాసం, కాళ్లవాపు మొదలవుతాయని వివరించినారు.

ఆ వార్త విన్న చాలామంది భయపడినారు. అయితే శాస్త్రం అక్కడితో ఆగలేదు. 2020లో వెలువడిన మరొక అధ్యయనం వలన కొత్త సంగతి తెలిసినది. గుండె కండరం మందమయ్యే వ్యాధి విషయంలో అసలు దోషి ఆ 25 అక్షరాల లోపం కాకపోవచ్చు. దానితో పాటు అదే జన్యువులో ఉండే మరొక అరుదైన మార్పు వలననే ఆ ప్రమాదం అధికమవుతున్నది. అంటే లోపం ఉన్న నలుగురిలో అందరూ రోగులు కారు. చాలామంది ఆరోగ్యంగానే జీవిస్తారు.

అందుచేతనే ఒక జన్యుపరీక్ష కాగితం చూసి గుండె చెదరవలసిన పనిలేదు. నేను కాజీపేట జంక్షన్ ప్రక్కన బ్రతికే మనిషిని కనుక నాకు తోచే పోలిక చెబుతాను. జన్యువు పట్టాలు పరచి ఉంచుతుంది. ఢిల్లీ వైపు, విజయవాడ వైపు, సికింద్రాబాదు వైపు పట్టాలున్నంత మాత్రాన ప్రతి బండీ అన్ని వైపులకూ పోదు. పాయింట్లు ఎటు మారితే అటు పోతుంది. ఆహారం, విహారం, పొగాకు, రక్తపోటు, వ్యాయామం, సకాలంలో చేయించుకునే పరీక్ష: ఇవన్నీ ఆ పాయింట్లు. వాటిలో చాలా భాగం మన చేతిలోనే ఉన్నవి. అయితే కండరాలు సడలించే మందు విషయంలో పథ్యం, వ్యాయామం ఏమీ చేయవు. అక్కడ పాయింటు ఒక్కటే: ముందుగా తెలిసి ఉండటం.

ప్రకృతి పరీక్ష, జన్యుపరీక్ష

మన పత్రిక పాఠకులకు ఆసక్తి కలిగించే విషయమొకటి ఉన్నది. వాత, పిత్త, కఫ ప్రకృతులకు జన్యువులలో ఏదైనా ఆధారమున్నదా అని పరిశీలించినవారిలో తంగరాజ్ గారి బృందం కూడా ఉన్నది. ఆయుర్వేద వైద్యులు 20 నుంచి 30 సంవత్సరాల వయస్సు గల 3416 మంది ఆరోగ్యవంతులైన యువకులను పరీక్షించినారు. వారిలో ఒకే దోషం స్పష్టంగా ప్రధానమైన 262 మందిని ఎన్నుకున్నారు. వారి డీఎన్‌ఏలో దాదాపు పది లక్షల స్థానాలను పరిశీలించగా, 52 స్థానాలలో మూడు ప్రకృతులవారి మధ్య గణనీయమైన భేదాలు కనిపించినవి. పిత్త ప్రకృతికి పీజీఎం1 అనే జన్యువుతో సంబంధం ఉన్నట్లు తోచినది. శరీరంలో చక్కెరను నిలువచేయడంలోను, వినియోగించడంలోను ఆ జన్యువుకు పాత్ర ఉన్నది. 2015లో ఈ ఫలితాలు ప్రకటింపబడినవి.

జీర్ణక్రియ, ఉష్ణం, పాకం పిత్తం యొక్క కర్మలని మనం చదువుకున్నాము కనుక ఈ వార్త ఆనందం కలిగించేదే. నేనూ ఆనందించినాను. అయినా ఒక హెచ్చరిక అవసరం. పరిశీలింపబడినవారు 262 మంది. అందరూ యువకులే, స్త్రీలు లేరు. ఇటువంటి పరిశోధన ఇంకా పెద్ద సంఖ్యలో, ఇతర సమూహాలలో మళ్లీ మళ్లీ రుజువు కావలసి ఉన్నది. దీనితో ఆయుర్వేదమంతా రుజువైనదని చాటడం తొందరపాటు. అట్లాగే ప్రకృతి పరీక్ష చేయించుకుంటే జన్యుపరీక్ష అవసరం లేదనడం ప్రమాదకరం. నా రోగి పిత్త ప్రకృతివాడని నాడి పట్టుకొని నేను చెప్పగలను. వాని రక్తంలో ఆ ఎంజైము ఉన్నదో లేదో నాడి చెప్పదు.

మేనరికాలు, వివాహ సంబంధాలు

చరక శారీరస్థానంలో రెండవ అధ్యాయం పేరే అతుల్యగోత్రీయం. సమాన గోత్రం కానివారి దాంపత్యాన్ని గురించిన మాటతో అది ఆరంభమవుతుంది. మన తెలుగునాట గోత్రం మాత్రం చూసి, మేనమామకో మేనబావకో పిల్లనిచ్చే ఆచారం చిరకాలంగా ఉన్నది. ఆస్తి చెదరదు, పిల్ల కళ్లముందుంటుంది అనే భావన దాని వెనుక ఉన్నది. కానీ దగ్గరి బంధువులిద్దరికీ ఒకే తాత నుంచి ఒకే దోషపూరిత జన్యువు వచ్చే అవకాశం ఎక్కువ. గోత్రాలు వేరైనంత మాత్రాన జన్యువులు వేరు కావు.

దీనికి పరిష్కారమున్నదని ప్రపంచానుభవం చెబుతున్నది. అష్కెనాజీ యూదులలో పసిపిల్లల మెదడును నాశనం చేసే టే-శాక్స్ వ్యాధి అధికంగా ఉండేది. 1971 నుంచి ఆ సమాజం స్వచ్ఛందంగా వాహక పరీక్షలు చేయించుకోవడం ఆరంభించినది. అమెరికా, కెనడా దేశాలలోని ఆ సమాజంలో అటువంటి శిశుజననాలు 90 శాతానికి పైగా తగ్గినవి. మన దేశంలో కూడా గిరిజన ప్రాంతాలలోని సికిల్ సెల్ రక్తహీనతను నిర్మూలించడానికి 2023 జులైలో జాతీయ కార్యక్రమం ప్రారంభమైనది. జాతకచక్రాలు చూసుకొనే ఇళ్లలో ఒక్క రక్తపరీక్ష కాగితం కూడా చూసుకోవడం బరువు కాదు. అయితే ఆ కాగితాన్ని పిల్లను వద్దనడానికో, కట్నం పెంచడానికో వాడరాదు. వాహకులు రోగులు కారు. జన్యు సలహాదారుని సంప్రదిస్తే దారి దొరుకుతుంది.

ప్రతి ఇంటా ఉండవలసిన పత్రం

నేను ఇప్పుడు నా వద్దకు వచ్చే ప్రతి కుటుంబం చేత ఒక పత్రం వ్రాయిస్తున్నాను. ఖర్చు లేనిది. ఒక తెల్లకాగితం, ఒక సాయంకాలం, ఇంటిలోని పెద్దవారి జ్ఞాపకశక్తి చాలు. దానిని ఇట్లా వ్రాసుకోండి.

1. తండ్రి వైపు, తల్లి వైపు మూడు తరాలవారి వరుసలు వ్రాయండి. తాతలు, నాయనమ్మ, అమ్మమ్మ, పెదనాన్నలు, బాబాయిలు, మేనత్తలు, మేనమామలు, పెద్దమ్మలు, పిన్నమ్మలు అందరూ ఉండాలి.

2. మరణించినవారు ఏ వయస్సులో, ఏ కారణంతో మరణించినారో వ్రాయండి. “గుండె ఆగింది” అని విడిచిపెట్టక, అంతకుముందు ఆయాసం, వాపు, స్పృహ తప్పడం ఉన్నవా అని అడగండి.

3. శస్త్రచికిత్స తరువాత ఆలస్యంగా లేచినవారు, వెంటిలేటర్‌పై ఉంచబడినవారు, శస్త్రచికిత్సలోనే మరణించినవారు ఉంటే ఎర్రసిరాతో గుర్తించండి.

4. మధుమేహం, రక్తపోటు, పక్షవాతం, కాన్సర్ వచ్చినవారి వయస్సు తప్పక వ్రాయండి. 70 ఏళ్లకు వచ్చిన వ్యాధికీ, 35 ఏళ్లకు వచ్చిన వ్యాధికీ వంశదృష్ట్యా చాలా భేదమున్నది.

5. పసితనంలో మరణించిన పిల్లలను, మేనరికపు వివాహాలను దాచవద్దు. అవి సిగ్గుపడవలసిన విషయాలు కావు.

మూడవ అంశంలో గుర్తు ఉన్నవారు, ముఖ్యంగా వైశ్య కుటుంబాలవారు, ఏ శస్త్రచికిత్సకైనా ముందు మత్తు వైద్యునితో ఆ విషయం స్పష్టంగా చెప్పి సూడోకోలినెస్టరేజ్ పరీక్ష గురించి అడగండి. కాలేయ వ్యాధిలోను, గర్భిణీ దశలోను ఈ ఎంజైము సహజంగానే కొంత తగ్గుతుంది. కనుక ఆరోగ్యంగా ఉన్నప్పుడే పరీక్షించుకోవడం మేలు. లోపమున్నదని తేలితే ఆ విషయాన్ని ఒక చిన్న కార్డుపై వ్రాసి ఎల్లప్పుడూ జేబులో ఉంచుకోవాలి. వేరే మందులున్నవి. ముందుగా తెలిస్తే వైద్యునికి చిక్కు లేదు.

రెండవ అంశంలో నడివయస్సు గుండె వైఫల్యం కనిపిస్తే సంతానమంతా ఒకసారి గుండె వైద్యుని వద్ద ఎకో పరీక్ష చేయించుకోవాలి. మెట్లెక్కుతుంటే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, సాయంత్రానికి పాదాల వాపు, వ్యాయామంలో స్పృహ తప్పడం ఉన్నట్లయితే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయరాదు.

ఇంటివైద్యం ఎంతవరకు?

గుండెకు తెల్లమద్ది బెరడు మన సంప్రదాయంలో ప్రసిద్ధమైన ఔషధం. 5 గ్రాముల బెరడు చూర్ణాన్ని 40 మిల్లీలీటర్ల పాలు, 160 మిల్లీలీటర్ల నీటిలో కలిపి, నీరంతా ఇగిరి పాలు మిగిలేవరకు సన్నని సెగపై కాచి, వడబోసి త్రాగడం క్షీరపాక విధానం. వైద్యుని సలహాతో తీసుకోవచ్చు. రక్తం పలుచబడే మందులు, గుండె మందులు వాడేవారు అడగకుండా తీసుకోరాదు. ఇది జన్యువును మార్చదు. ఎకో పరీక్షకు, గుండె మందులకు బదులు కాదు. ఏ కషాయమూ, ఏ లేహ్యమూ లోపించిన ఎంజైమును పుట్టించలేదు. ఎవరైనా బీజదోషాన్ని మందుతో కడిగివేస్తామంటే నమ్మవద్దు.

మధుమేహం వంటి వ్యాధుల సంగతి వేరు. అందులో ఒక జన్యువు కాదు, ఎన్నో జన్యువులు తలా కొంచెం పాత్ర వహిస్తాయి. దినచర్యకు అక్కడ బలమెక్కువ. రాత్రి పొద్దుపోయి తినకపోవడం, పాలిష్ బియ్యం తగ్గించి జొన్నరొట్టె, కొర్రలు, ఆకుకూరలు పెంచడం, రోజూ అరగంట చురుకైన నడక, పొగాకు మానడం, వేళకు నిద్ర: మన పెద్దలు స్వస్థవృత్తమని పిలిచినది ఇదే. వంశంలో వ్యాధి ఉన్నవారు ఇతరులకంటె పదేళ్లు ముందుగా దీనిని ప్రారంభించాలి, పరీక్షలు కూడా ముందుగానే చేయించుకోవాలి. వంశచరిత్ర తెలియడం వలన కలిగే అసలు లాభం ఆ పదేళ్లే.

చివరగా ఆ కుటుంబం సంగతి. 2012లోనే ఇంటిల్లిపాదికీ రక్తపరీక్ష చేయించినాము. కుర్రవాని అక్కగారికి కూడా అదే లోపమున్నదని తేలినది. ఆమె చేత కార్డు వ్రాయించి పర్సులో పెట్టించినాను. 2019లో ఆమెకు పిత్తాశయంలో రాళ్లు ఏర్పడి శస్త్రచికిత్స అవసరమైనది. అప్పటికి ఆమె అత్తవారి ఊరిలో ఉన్నది. వైద్యులు కొత్తవారు. ఆమె కార్డు తీసి చూపించినది. మత్తు వైద్యుడు చదివి, మందు మార్చినాడు. శస్త్రచికిత్స ముగిసిన కొద్ది నిమిషాలకే ఆమె తనంతట తాను ఊపిరి తీసుకొని కళ్లు తెరిచినది.

ఆ సాయంత్రం నాయనమ్మ నాకు ఫోను చేసి, “పిల్ల లేచింది సార్” అన్నది. ఇంకేమీ అనలేదు. నేను కూడా ఏమీ అనలేకపోయినాను. పాత పుస్తకం తీసి, “ఆపరేషన్‌లో మరణం” అన్న ఆ పాత పంక్తి క్రింద ఆనాటి తేదీ వేసి, ఆమె మాటే వ్రాసుకున్నాను.

పాఠకులారా, ఈ ఆదివారం మీ ఇంటిలోని పెద్దవారి ప్రక్కన ఒక కాగితం పట్టుకొని కూర్చోండి. వారు చెప్పేది ఓపికగా వినండి. విన్న తరువాత మరొక ప్రశ్న కూడా అడగండి.